ప్లాస్మా బుడగల్ని నావిగేషన్ సిగ్నళ్లతో పట్టుకోవాలంటే: ఏ కొలత, ఏ రిసీవర్, ఏ చోటు?

విషువత్తు రోజుల్లో, అయస్కాంత భూమధ్యరేఖకు (భూమి అయస్కాంత రేఖలు నేలకు సమాంతరంగా ఉండే గీతకు) దగ్గర్లో ఎక్కడైనా, రాత్రి ఎనిమిది గంటలకు ఒక జీపీఎస్ ఉపగ్రహం సిగ్నల్ బలాన్ని సెకనుకు యాభైసార్లు కొలిచి గీత గీయించండి. అప్పటిదాకా గీత 45 డీబీ-హెర్ట్జ్ దగ్గర దారం లాగి పట్టినట్టు సాఫీగా ఉంటుంది. ఉన్నట్టుండి అది వణకడం మొదలెడుతుంది. రెండు మూడు నిమిషాలు గడిచేసరికి 25 దాకా పడిపోవడం, సెకను తిరక్కుండానే పైకి లేవడం, మళ్లీ పడిపోవడం. సూర్యుడు చురుగ్గా ఉన్న సంవత్సరమైతే కొన్నిసార్లు గీతే తెగిపోతుంది. రిసీవర్ ఆ ఉపగ్రహాన్ని వదిలేసింది అన్నమాట. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. పైన 350 కిలోమీటర్ల ఎత్తులో మాత్రం ఒక ప్లాస్మా బుడగ, అంటే విద్యుదావేశ కణాలు పలచబడిన పెద్ద ఖాళీ, దాటిపోతోంది.

ఈ విషయంలోకి కొత్తగా వచ్చేవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఏ రిసీవర్ కొనాలి?" నా దృష్టిలో అది నాలుగో ప్రశ్న. మొదటి ప్రశ్న, మీరు చూడాలనుకుంటున్న అసమానత, అంటే ప్లాస్మా చిక్కదనంలో హెచ్చుతగ్గు, ఎంత పెద్దది అని. ఈ లెక్క తేల్చుకోకుండా ఖరీదైన పరికరం పెట్టి, తీరా సీజన్ అయ్యాక "నా ప్రశ్నకు ఈ డేటా జవాబు చెప్పదు" అని తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. ఒక సీజన్ పోతే మళ్లీ ఆరు నెలలో ఏడాదో ఆగాలి.

బుడగ ఎలా పుడుతుందో రెండు మాటల్లో చెప్పుకుందాం. పొద్దుగూకాక అయనోస్ఫియర్ (వాతావరణం పైభాగంలో ప్లాస్మా ఉండే ప్రాంతం) కింది పొరల్లో అయాన్లు, ఎలక్ట్రాన్లు త్వరగా కలిసిపోయి అక్కడ ప్లాస్మా పలచబడుతుంది. అదే సమయంలో తూర్పు దిక్కు విద్యుత్ క్షేత్రం కాసేపు బలపడి అక్కడి చిక్కటి పొర అయిన ఎఫ్ పొరను పైకి ఎత్తుతుంది. ఇక కింద పలచన, పైన చిక్కదనం. నూనె మీద నీళ్లు పోస్తే నూనె పైకి తన్నుకొచ్చినట్టు, పలచటి ప్లాస్మా చిక్కటి పొరను చీల్చుకుని లేస్తుంది. దీన్ని రేలీ-టేలర్ అస్థిరత అంటారు. పెరూలోని హువాంకాయో దగ్గర బుకర్, వెల్స్ ఈ గందరగోళాన్ని 1938లోనే అయనోసోండ్ (రేడియో తరంగాలు పైకి పంపి ప్రతిధ్వని కొలిచే పరికరం) రికార్డుల్లో గుర్తించారు. అది పొగలా పైకి ఎగసే తీరును హికమార్కా రాడార్‌తో వుడ్‌మన్, లా హోస్ 1976లో చూపించారు.

ఇలా లేచిన బుడగ తూర్పు పడమరలుగా పదుల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, ఒక్కోసారి వంద దాటుతుంది. ఉత్తర దక్షిణాలుగా అయస్కాంత రేఖల వెంట వేల కిలోమీటర్లు సాగుతుంది. దాని గోడలు మాత్రం నున్నగా ఉండవు. కిలోమీటర్ల ముడతలు, వాటిలో వందల మీటర్ల ముడతలు, వాటిలో మీటర్ల ముడతలు. ఒక్కో కొలత పద్ధతి ఈ ముడతల్లో ఒక్క సైజును మాత్రమే చూస్తుంది. ఎంపిక అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఏ సూచిక: రోటీ, ఎస్4, సిగ్మా-ఫై

ముందు ఎస్4 సంగతి. ఒక నిమిషం పాటు సిగ్నల్ తీవ్రతను కొలిచి, దాని ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగిస్తే వచ్చేది ఎస్4. సిగ్నల్ నిలకడగా ఉంటే సున్నా దగ్గర, బాగా చెదిరితే ఒకటి దగ్గర ఉంటుంది. 0.3 దాటితే గమనించాల్సిన స్థాయి, 0.6 దాటితే తీవ్రం అని వాడుక. ఎస్4 ముఖ్యంగా చూసేది ఫ్రెనెల్ సైజు ముడతల్ని. తరంగదైర్ఘ్యాన్ని ఎత్తుతో, దాన్ని రెండుతో గుణించి వర్గమూలం తీస్తే ఆ సైజు వస్తుంది. జీపీఎస్ ముఖ్య ఫ్రీక్వెన్సీ ఎల్1కు తరంగదైర్ఘ్యం 19 సెంటీమీటర్లు, ఎత్తు 350 కిలోమీటర్లు అనుకుంటే సుమారు 365 మీటర్లు. అంటే ఎస్4 మీకు నాలుగు వందల మీటర్లు, అంతకంటే చిన్న ముడతల గురించి చెబుతుంది. పది కిలోమీటర్ల అల గురించి దానికేమీ తెలియదు.

రోటీ దారి వేరు. రెండు ఫ్రీక్వెన్సీల క్యారియర్ ఫేజ్ (తరంగపు దశ) తేడా నుంచి సిగ్నల్ దారిలోని మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్య, అంటే టెక్, ఎంత వేగంగా మారుతోందో లెక్కగడతాం. అయిదు నిమిషాల పాటు ఆ మార్పు రేటుకున్న ప్రామాణిక విచలనమే రోటీ. 1997లో ప్రతిపాదించినప్పటి నుంచి ఇంత ప్రచారంలోకి రావడానికి బలమైన కారణం ఉంది. మార్పు రేటు తీస్తున్నాం కాబట్టి ఉపగ్రహ, రిసీవర్ సొంత దోషాలైన బయాస్‌ల తలనొప్పి లేదు, ఫేజ్‌లోని తెలియని పూర్ణసంఖ్యలు కూడా తీసివేతలో కొట్టుకుపోతాయి. ముప్పై సెకన్లకొకటి వచ్చే మామూలు డేటా చాలు. నిమిషానికి 0.5 టెక్ యూనిట్ దాటితే అసమానతలు ఉన్నట్టు చాలామంది తీసుకుంటారు.

కానీ ముప్పై సెకన్ల శాంపిల్‌తో మీరు పట్టుకోగల అతి వేగమైన మార్పు ఒక నిమిషం నిడివిది. బుడగ సెకనుకు వంద మీటర్ల వేగంతో సాగుతోందనుకుంటే నిమిషానికి ఆరు కిలోమీటర్లు. అంటే రోటీ చూసేది కిలోమీటర్ల ముడతల్ని. ఎస్4 చూసేదానికీ దీనికీ పదింతలకు పైగా తేడా. అందుకే "రోటీని ఇంతతో గుణిస్తే ఎస్4 వస్తుంది" అనే సూత్రాల మీద నాకు నమ్మకం లేదు. ఒక స్టేషన్‌లో, ఒక సీజన్‌లో ఆ గుణకం కుదరొచ్చు. మరో చోట, మరో ఉపగ్రహానికి తప్పుతుంది.

ఎందుకు తప్పుతుందో దగ్గర్నుంచి చూద్దాం. బుడగలు రాత్రి తూర్పుకి జరుగుతుంటాయి, సెకనుకు 120 మీటర్లు అనుకోండి. ఉపగ్రహం కూడా కదులుతుంది కాబట్టి సిగ్నల్ అయనోస్ఫియర్‌ను గుచ్చుకుని వచ్చే చోటు కూడా జరుగుతుంది. ఆ చోటు తూర్పుకి సెకనుకు 60 మీటర్లు జరుగుతుంటే బుడగకూ దానికీ తేడా 60 మీటర్లే. ముప్పై సెకన్ల డేటాలో కనబడే అతి చిన్న ముడత 3.6 కిలోమీటర్లు. అదే పడమరకు జరుగుతుంటే తేడా 180, ముడత 10.8 కిలోమీటర్లు. పెద్ద ముడతల్లో ఎప్పుడూ బలం ఎక్కువ. కాబట్టి ఒకే బుడగను ఒకే రాత్రి రెండు ఉపగ్రహాలతో చూస్తే రెండు రోటీలు వస్తాయి. బుడగ మారలేదు, మనం దాన్ని దాటిన వేగం మారింది.

ఇంకో తేడా సమయానిది. చిన్న ముడతలు ముందు చెరిగిపోతాయి. అర్ధరాత్రి దాటాక ఎస్4 పడిపోయినా రోటీ కాసేపు ఎత్తుగానే ఉండటం మామూలు. ముసలి బుడగకు ఆకారం మిగిలింది, లోపలి అల్లరి తగ్గింది అని దానర్థం. ఈ రెండు గీతలూ ఎప్పుడు విడిపోతాయో చూడటమే ఒక మంచి పరిశోధన అంశం. వీలైతే రెండూ లెక్కగట్టండి, కానీ ఒకదాన్ని ఇంకొకదానికి బదులుగా వాడొద్దు.

ఇక సిగ్మా-ఫై, అంటే ఫేజ్ ఊగిసలాట. 0.1 హెర్ట్జ్ కంటే నెమ్మదైన మార్పుల్ని వడగట్టి మిగిలినదాని విచలనం తీస్తారు. ధ్రువప్రాంతాల్లో ప్లాస్మా చాలా వేగంగా కదులుతుంది, అక్కడ ఇది పనికొస్తుంది. భూమధ్యరేఖ దగ్గర సిగ్నల్ బలమే ముందు దెబ్బతింటుంది కాబట్టి ఇక్కడ ఎస్4కే నా ఓటు. పైగా సిగ్మా-ఫైకి నాణ్యమైన ఓవెన్ ఆసిలేటర్ కావాలి, లేకపోతే గడియారం వణుకును ఆకాశం వణుకు అనుకునే ప్రమాదం ఉంది. ఎస్4కు ఆ ఇబ్బంది లేదు.

డేటా ఎక్కడి నుంచి: ఉన్నది వాడుకోవడమా, సొంతంగా రికార్డు చేయడమా

ప్రపంచవ్యాప్తంగా నావిగేషన్ ఉపగ్రహాల డేటా పంచే ఐజీఎస్ నెట్‌వర్క్‌లో అయిదు వందలకు పైగా స్టేషన్లు ఉన్నాయి. ముప్పై సెకన్ల రైనెక్స్ ఫైళ్లు (రిసీవర్ కొలతలు దాచే ప్రామాణిక ఫైళ్లు) ఉచితం, కొన్ని స్టేషన్లకు సెకనుకొకటి చొప్పున కూడా దొరుకుతాయి. మీ ప్రశ్న "ఈ సౌరచక్రంలో బుడగలు ఏ నెలల్లో, ఏ రేఖాంశాల్లో ఎక్కువ" లాంటిదైతే ఒక్క పరికరం కూడా కొనక్కర్లేదు. 2019 డిసెంబర్‌లో సౌర కనిష్ఠం, 2024 ప్రాంతంలో గరిష్ఠం. ఆ రెండింటి మధ్య డేటా మొత్తం ఇప్పటికే సర్వర్లలో ఉంది. కొత్తవాళ్లందరికీ నా సలహా, మొదటి మూడు నెలలు దీంతోనే పని చేయండి. మనది కాని డేటాతో తప్పులు చేసి నేర్చుకోవడం తేలిక.

ఆ తప్పుల్లో అతి పెద్దది సైకిల్ స్లిప్, అంటే రిసీవర్ తరంగాల లెక్క తప్పడం, వడపోత. ఎల్1 మీద ఒక్క సైకిల్ జారితే టెక్‌లో 1.8 యూనిట్ల మెట్టు పడుతుంది. ముప్పై సెకన్లలో పడింది కాబట్టి మార్పు రేటు నిమిషానికి 3.6. దీన్ని తీసేయాల్సిందే. కానీ బుడగ గోడ నాలుగు నిమిషాల్లో ఇరవై యూనిట్లు పడిపోతే అదీ నిమిషానికి అయిదు. "మూడు దాటితే స్లిప్" అని గిరి గీస్తే మీరు వెతుకుతున్న గోడనే మీ ప్రోగ్రామ్ చెరిపేస్తుంది. మధ్య అక్షాంశాల కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి వాడితే జరిగేది ఇదే. ఒక బలమైన రాత్రిని ఎంచుకుని, తీసేసిన బిందువులన్నీ ఎరుపు రంగులో గీయించి చూడండి. ఎరుపంతా గోడల దగ్గరే పోగుపడితే వడపోత మార్చాలి.

సొంత రిసీవర్ అవసరమయ్యేది ఫేడింగ్ గురించి, అంటే సిగ్నల్ ఎంత లోతుగా, ఎంతసేపు పడుతోంది, రిసీవర్ ఎప్పుడు లాక్ తప్పుతోంది అని అడిగినప్పుడు. దీనికోసమే తయారైన సింటిలేషన్ (సిగ్నల్ మిణుకు) రిసీవర్లు ఉన్నాయి. నోవాటెల్ జీఎస్‌వీ4004బీ పాత తరానిది, ఇప్పటికీ చాలా పాత డేటా దాని నుంచి వచ్చిందే. తర్వాత జీపీస్టేషన్-6, సెప్టెంట్రియో పోలారెక్స్-ఎస్ శ్రేణి. సెకనుకు 50, కొన్నిట్లో 100 శాంపిళ్లు, మంచి ఆసిలేటర్, ఎస్4, సిగ్మా-ఫై రెండూ నిమిషానికోసారి సిద్ధంగా చేతికొస్తాయి. ఒక్క హెచ్చరిక: నిమిషపు సూచికలు మాత్రమే దాచి ముడి డేటా చెరిపేసే సెట్టింగ్ పెట్టుకోవద్దు. డిస్క్ నిండిపోతుందని టెన్షన్ పడి అలా చేసినవాళ్లు, రెండేళ్ల తర్వాత ఫేడింగ్ లోతు గురించి ఆలోచన వచ్చినప్పుడు చాలా బాధపడ్డారు. ఆ రాత్రుల్ని మళ్లీ తెచ్చుకోలేం.

తక్కువ ఖర్చు దారి కూడా ఇప్పుడు గట్టిపడింది. యూ-బ్లాక్స్ జెడ్-ఎఫ్9పీ లాంటి రెండు ఫ్రీక్వెన్సీల మాడ్యూల్‌ను చిన్న కంప్యూటర్‌కు తగిలిస్తే చాలావరకు పని జరుగుతుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం డల్లాస్ పరిశోధకులు చేసిన సింట్‌పై ఈ ఆలోచన మీద వచ్చిందే. దీని బలహీనతను అంకెల్లో చూస్తేనే నమ్మకం కుదురుతుంది. ఇలాంటి మాడ్యూళ్లు తరచుగా సిగ్నల్ బలాన్ని ఒక డీబీ మెట్లలో ఇస్తాయి. ఆ మెట్టు వల్ల వచ్చే గుండ్రింపు దోషం ఎస్4లో సుమారు 0.07 అవుతుంది. అంటే 0.1 కంటే తక్కువ విలువల్ని పట్టించుకోకండి, 0.2 దాటినవాటిని ధైర్యంగా వాడండి. చూడాల్సిన అసలు విషయం వేరు: మాడ్యూల్ లోపల సిగ్నల్ బలాన్ని ఎంతసేపు సగటు తీస్తోంది? సెకను పాటు సగటు తీస్తే లోతైన, చిన్న ఫేడ్‌లు కనబడకుండా పోతాయి. ఇలాంటివి నాలుగైదు కొని వేర్వేరు చోట్ల పెట్టడమా, ఒక్క ఖరీదైనది కొనడమా అంటే, బుడగల రాకపోకలూ కదలికలూ మీ ప్రశ్న అయితే నాలుగైదు చవకవే మేలు. ఫేడింగ్ స్వభావం మీ ప్రశ్న అయితే ఒక్క మంచిదే.

సాఫ్ట్‌వేర్ రిసీవర్, అంటే యాంటెన్నా నుంచి వచ్చిన ముడి సిగ్నల్‌నే డిస్క్‌లోకి ఎక్కించి తర్వాత తీరిగ్గా ట్రాక్ చేసే పద్ధతి, నాకు అన్నిటికంటే ఇష్టం. లాక్ తప్పినచోట మళ్లీ మొదటి నుంచి వేరే సెట్టింగ్‌తో ప్రయత్నించవచ్చు. ధర డిస్క్ రూపంలో కట్టాలి. సెకనుకు 40 లక్షల శాంపిళ్లు, ఒక్కోటి రెండు బైట్లు అనుకుంటే గంటకు 28.8 గిగాబైట్లు. ఎనిమిది గంటల రాత్రికి 230. ఏడాదంతా చేయలేరు, ఎంచుకున్న పది రాత్రులకు చేయగలరు.

ఫోన్లతో కుదరదా అని అడుగుతుంటారు. 2016లో ఆండ్రాయిడ్ 7 నుంచి ముడి కొలతలు దొరుకుతున్నాయి గానీ సెకనుకొకటే, యాంటెన్నా బలహీనం, బ్యాటరీ ఆదా కోసం ట్రాకింగ్ మధ్యమధ్యలో ఆగిపోతుంది. ఒక్క ఫోన్‌తో ఎస్4 కొలిచే ప్రయత్నం వద్దు. అయితే 2024లో గూగుల్ పరిశోధకులు లక్షలాది ఫోన్ల కొలతల్ని కలిపి టెక్ పటాలు గీసినప్పుడు భారత్ మీద, దక్షిణ అమెరికా మీద ప్లాస్మా బుడగలు స్పష్టంగా కనబడ్డాయి. అది సంఖ్యాబలం.

ఏ సిగ్నల్, ఏ ఉపగ్రహం

ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ సింటిలేషన్ పెరుగుతుంది. బలహీన స్థాయిలో ఎస్4 ఫ్రీక్వెన్సీ 1.5వ ఘాతానికి విలోమంగా మారుతుంది. ఎల్1 1575.42 మెగాహెర్ట్జ్ మీద 0.3 వస్తే, ఎల్5 1176.45 మీద సుమారు 0.46. భారత నావిగేషన్ వ్యవస్థ నావిక్ ఎస్ బ్యాండ్ 2492.028 మీద 0.15. కాబట్టి చిన్న అసమానతల్ని వదలకుండా పట్టుకోవాలంటే ఎల్5 మంచిది. మహా బలమైన రాత్రుల్ని కొలవాలంటే ఎల్1 మేలు, ఎందుకంటే ఎస్4 ఒకటి దగ్గరకు వచ్చాక ఇక పెరగదు, అసమానత ఎంత పెరిగినా కొలత అక్కడే నిలిచిపోతుంది. 250 మెగాహెర్ట్జ్ బీకన్లతో పాతరోజుల్లో ఎదురైన ఇబ్బంది ఇదే.

పాత ఎల్2 పీ-కోడ్ ట్రాకింగ్‌ను మాత్రం వీలైనంత దూరం పెట్టండి. కోడ్ పూర్తిగా తెలియకుండా చేసే ట్రాకింగ్ అది, మొదటి దెబ్బకే తెగుతుంది. రోటీ కోసం ఎల్2సీ గానీ ఎల్5 గానీ ఉన్న ఉపగ్రహాలు ఎంచుకుంటే ఖాళీలు సగానికి సగం తగ్గినట్టే అనిపిస్తుంది.

భూస్థిర ఉపగ్రహాల గురించి చాలామంది ఆలోచించరు. నావిక్, చైనా బేడో వ్యవస్థల్లోనూ, జీపీఎస్ దోషాలు సరిదిద్దే గగన్ లాంటి ఎస్‌బ్యాస్‌లలోనూ అవి ఉన్నాయి. ఆకాశంలో కదలవు కాబట్టి సిగ్నల్ గుచ్చుకునే చోటు కూడా కదలదు. రోటీ దగ్గర చెప్పుకున్న 60, 180 మీటర్ల గొడవ ఇక్కడ పూర్తిగా మాయం. బుడగే వచ్చి మీ గీతను దాటుతుంది. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా ఒకే చోట ఏం జరిగిందో చెప్పగలిగేవి ఇవే. సిగ్నల్ కాస్త బలహీనం కావచ్చు, అందుకని శబ్దం (సిగ్నల్‌లో కలిసే రేడియో గోల) సవరణ తప్పనిసరి. సిగ్నల్ బలం 45 డీబీ-హెర్ట్జ్ ఉంటే శబ్దం వల్ల వచ్చే దొంగ ఎస్4 0.06 మాత్రమే. 40 దగ్గర 0.1, 35 దగ్గర 0.18, 30 దగ్గర 0.32. అంటే బలహీన సిగ్నల్ మీద ఆకాశం ప్రశాంతంగా ఉన్నా ఎస్4 0.3 చూపిస్తుంది. కొలిచిన ఎస్4 వర్గం నుంచి దీని వర్గం తీసేసి వర్గమూలం తీసుకోవాలి.

బుడగల వేగం కావాలంటే తూర్పు పడమరలుగా వంద మీటర్ల దూరంలో రెండు రిసీవర్లు పెట్టండి. ఒకదానిలో వచ్చిన ఫేడ్ రెండోదానిలో ఒక సెకను తర్వాత వస్తే నేల మీద ఆ నీడ వేగం సెకనుకు వంద మీటర్లు. పది హెర్ట్జ్ శాంపిళ్లతో ఆ ఒక సెకనును పదో వంతు కచ్చితత్వంతో కొలవొచ్చు. భూస్థిర ఉపగ్రహంతో చేస్తే ఉపగ్రహం కదలికను తీసేయాల్సిన లెక్క కూడా తప్పుతుంది.

రిసీవర్ ఎక్కడ పెట్టాలి

సరిగ్గా అయస్కాంత భూమధ్యరేఖ మీద పెడితే బుడగ పుట్టుకను చూస్తారు. ఎఫ్ పొర కింది భాగంలోనే ఆగిపోయి పైకి లేవని అసమానతలు కూడా అక్కడ కనబడతాయి. దానికి ఉత్తరంగానో దక్షిణంగానో 15 డిగ్రీల దగ్గర ఆపిల్టన్ శిఖరాలు ఉంటాయి. అక్కడ ప్లాస్మా చిక్కన కాబట్టి సింటిలేషన్ తీవ్రం. కానీ అక్కడికి బుడగ చేరాలంటే భూమధ్యరేఖ మీద చాలా ఎత్తుకు లేవాలి. అయస్కాంత రేఖ వెంట లెక్కిస్తే, 15 డిగ్రీల దగ్గర 350 కిలోమీటర్ల ఎత్తులో కనబడే బుడగ భూమధ్యరేఖ మీద సుమారు 830 కిలోమీటర్లు లేచి ఉండాలి. అందువల్ల శిఖరం దగ్గర స్టేషన్ ప్రశాంతంగా ఉన్న రాత్రి భూమధ్యరేఖ దగ్గర బుడగలు లేవని కాదు, అంత ఎత్తుకు లేవలేదని. రెండు చోట్లా తలా ఒకటి పెట్టగలిగితే బుడగ ఎంత ఎత్తు లేచిందో రిసీవర్లతోనే అంచనా వేయొచ్చు. ఒక్కటే ఉంటే, విమానయానం, సర్వే లాంటి వాడుకరుల ఇబ్బంది మీ ప్రశ్న అయితే శిఖరం, భౌతికశాస్త్రం మీ ప్రశ్న అయితే భూమధ్యరేఖ.

ఒక స్టేషన్ ఎంత మేర చూస్తుందో కూడా గుర్తుంచుకోండి. 30 డిగ్రీల ఎలివేషన్ (దిగంతం నుంచి పైకి కోణం) దాకా తీసుకుంటే సిగ్నల్ గుచ్చుకునే చోటు స్టేషన్‌కు 530 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. పడమర వైపు అంత దూరంలో పొద్దు ఇంకా గూకి ఉండదు. "మా ఊళ్లో ఏడింటికి బుడగ వచ్చింది" అనేముందు ఆ చోటు స్థానిక సమయం లెక్కగట్టాలి.

సీజన్ కూడా చోటును బట్టే. సూర్యాస్తమయపు గీత అయస్కాంత రేఖలతో సరిగ్గా కలిసే నెలల్లో బుడగలు ఎక్కువ. భారత రేఖాంశాల్లో అది మార్చి, సెప్టెంబర్ చుట్టూ. బ్రెజిల్, అట్లాంటిక్ వైపు డిసెంబర్ చుట్టూ.

సముద్రాల మీద నేల స్టేషన్లు లేవు. అక్కడికి ముఖ్యమైన దారి రేడియో ఆకల్టేషన్, అంటే కక్ష్యలోని ఉపగ్రహం మీద రిసీవర్ పెట్టి, భూమి అంచు మీదుగా అడ్డంగా వచ్చే నావిగేషన్ సిగ్నల్‌ను కొలవడం. 2019 జూన్‌లో వెళ్లిన కాస్మిక్-2 ఆరు ఉపగ్రహాలు 24 డిగ్రీల వాలుతో తిరుగుతూ భూమధ్యరేఖ చుట్టూ దట్టంగా కొలతలు ఇస్తున్నాయి. సిగ్నల్ అడ్డంగా వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి ఆ దారిలో అసమానత ఎక్కడుందో చెప్పడం కష్టం, కింద వంద కిలోమీటర్ల దగ్గరుండే స్పొరాడిక్-ఈ పొర కూడా కలిసిపోతుంది. ప్రపంచ పటం కోసం వాడండి, ఒక్క బుడగ కథ కోసం వద్దు.

పెట్టాక మొదటి పదిహేను రోజులు

నేను మొదటిసారి పెట్టిన యాంటెన్నాలో ఒక ఉపగ్రహం రోజూ సాయంత్రం ఎస్4 0.5 చూపించేది. వారం రోజులు బుడగ అనే నమ్మాను. అది రోజూ నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతోందని తర్వాత గమనించాను. జీపీఎస్ ఉపగ్రహాలు రోజుకు సుమారు నాలుగు నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తాయి. ఆ గడియారం పాటించేది ఆకాశంలోని బుడగ కాదు, పక్కనున్న రేకుల కప్పు మీద పడి తిరిగొచ్చే సిగ్నల్. పదిహేను రోజుల గీతల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే గంట సేపు పక్కకి వాలిన వరుస స్పష్టంగా కనబడింది. ఇప్పుడు ఎవరు కొత్త స్టేషన్ పెట్టినా ఈ పేర్చే పని చేయకుండా ఒక్క విలువనూ నమ్మొద్దంటాను.

రెండో పని ఖాళీల లెక్క, దీన్ని దాదాపు ఎవరూ చేయరు. అన్నిటికంటే తీవ్రమైన క్షణాల్లో రిసీవర్ లాక్ తప్పుతుంది, డేటా ఉండదు. సగటు తీసేటప్పుడు ఆ నిమిషం లెక్కలోకే రాదు. ఫలితంగా చాలా ఘోరమైన రాత్రి ఒక మోస్తరు రాత్రిలా కాగితం మీదికి వస్తుంది. రెండు రిసీవర్లను పోల్చేటప్పుడు ఇంకా తలకిందులవుతుంది: గట్టిగా పట్టుకుని ఉన్న మంచి రిసీవర్ ఎక్కువ ఎస్4 చూపిస్తుంది, త్వరగా వదిలేసిన నాసిరకం రిసీవర్ తక్కువ చూపిస్తుంది. చూసేవాళ్లు రెండోది "స్థిరంగా ఉంది" అనుకుంటారు.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా, ఉచిత రైనెక్స్ అయినా సొంత పరికరమైనా, ప్రతి నిమిషానికీ మరో గడి ఒకటి పెట్టండి: ఆ ఎలివేషన్‌లో ఉండాల్సిన ఉపగ్రహాలు ఎన్ని, నిజంగా ట్రాక్ అయినవి ఎన్ని. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య ఆ తేడా పెరిగి, పగలు సున్నాకు దగ్గరగా ఉంటే ఆ ఖాళీలే మీ అతి బలమైన కొలతలు. గ్రాఫ్‌లో వాటిని తెల్లగా వదిలేయకుండా నల్లగా నింపండి.